రెండో ప్రశ్నకు సిద్ధమేనా?

మెయిన్స్ ఫలితాలు వచ్చిన రోజు నుంచి ఇంటర్వ్యూ రోజు వరకు ఉండే ఆ కొద్ది వారాలు మన బ్యాంకు ఇళ్లలో ఎలా గడుస్తాయో చాలామందికి తెలిసిందే. రాతపరీక్ష గట్టెక్కిన సంతోషం రెండు రోజులు ఉంటుంది. మూడో రోజు నుంచి గుబులు మొదలవుతుంది. ఏ కోచింగ్ సెంటర్లో చేర్పించాలి, కోటు కుట్టించాలా వద్దా, ‘మీ గురించి చెప్పండి’ అంటే ఏం చెప్పాలి అని ఇంటిల్లిపాదీ చర్చిస్తారు. ఎవరో ఒకరు యాభై ప్రశ్నలూ యాభై జవాబులూ ఉన్న పీడీఎఫ్ పంపిస్తారు. పిల్లలు గది తలుపు వేసుకుని ఆ జవాబులు బట్టీ పట్టడం మొదలుపెడతారు.

ఈ వ్యాసం ఆ పిల్లల కోసం, వాళ్లతోపాటు ఆ ఇంట్లో ఉన్న పెద్దల కోసం. ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్నకు జవాబు దాదాపు అందరి దగ్గరా ఉంటుంది. మార్కుల్లో తేడా వచ్చేది ఆ జవాబు మీద వేసే రెండో ప్రశ్న దగ్గర. కాబట్టి తయారీ అంతా ఆ రెండో ప్రశ్న కోసమే జరగాలి. ఎలాగో ఒక్కొక్కటిగా చూద్దాం.

ఆ ఇరవై మార్కుల బరువు

ముందు లెక్క. కింది స్థాయి ఉద్యోగాలకు ఇంటర్వ్యూలు అవసరమా అని 2015 ఆగస్టు 15న ప్రధాని ఎర్రకోట నుంచి ప్రస్తావించిన తర్వాత, 2016 నుంచి అలాంటి కేంద్ర ప్రభుత్వ పోస్టులకు ఇంటర్వ్యూలు తీసేశారు. బ్యాంకు క్లర్కు నియామకాల్లోనూ ఇప్పుడు ఇంటర్వ్యూ లేదు. ఆఫీసరు పోస్టులకు మాత్రం ఉంది. ఐబీపీఎస్ పీఓ నియామకంలో మెయిన్స్ 225 మార్కులకు, ఇంటర్వ్యూ 100 మార్కులకు జరుగుతాయి. తుది జాబితా తయారు చేసేటప్పుడు మెయిన్స్‌కు 80, ఇంటర్వ్యూకు 20 వెయిటేజీ ఇస్తారు. ప్రిలిమ్స్ మార్కులు ఇందులో కలపరు. ఇంటర్వ్యూలో కనీసం 40 శాతం, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, దివ్యాంగ అభ్యర్థులైతే 35 శాతం తెచ్చుకోవాలి. అది రాకపోతే మెయిన్స్‌లో ఎన్ని వచ్చినా లాభం లేదు.

‘ఇరవయ్యే కదా’ అనుకునేవారు ఈ ఉదాహరణ చూడండి. ఒక అభ్యర్థికి మెయిన్స్‌లో 90, ఇంటర్వ్యూలో 50 వచ్చాయనుకుందాం. 225కు 90 అంటే 80లో 32. వందకు 50 అంటే 20లో 10. మొత్తం 42. మరో అభ్యర్థికి మెయిన్స్‌లో 80 మార్కులే వచ్చాయి, కానీ ఇంటర్వ్యూలో 70 వచ్చాయి. అతని మొత్తం 28.44, 14 కలిపి 42.44. మెయిన్స్‌లో పది మార్కులు వెనకబడినవాడు తుది జాబితాలో ముందుకు వెళ్లిపోయాడు. ఆ పది మార్కులు తెచ్చుకోవడానికి మొదటి అభ్యర్థి ఎన్ని నెలలు చదివి ఉంటాడో మన ఇళ్లలో ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు.

ప్యానెల్ ఏం చూస్తుంది?

ఐబీపీఎస్ ఇంటర్వ్యూలను నియామకాల్లో పాల్గొనే బ్యాంకులే నిర్వహిస్తాయి. ప్రతి రాష్ట్రంలో ఒక నోడల్ బ్యాంకు ఆ పని సమన్వయం చేస్తుంది. అంటే బల్ల అవతల కూర్చునేవారిలో చాలామంది బ్రాంచి నడిపినవారు, అప్పులు మంజూరు చేసినవారు, రికవరీకి ఊళ్లు తిరిగినవారు. వాళ్లకు ఒక అలవాటు ఉంటుంది. అప్పు కోసం వచ్చిన మనిషి చెప్పింది విని ఊరుకోరు. ‘నెలకు లక్ష వ్యాపారం’ అంటే ‘సరుకు ఎక్కడ కొంటావు? అరువు ఎంత ఇస్తావు?’ అని అడుగుతారు. చెప్పిన మాట వెనక సరుకు ఉందా లేదా అని తట్టి చూడటం వాళ్ల వృత్తి. అదే చూపుతో అభ్యర్థినీ చూస్తారు.

మేనేజ్‌మెంట్ పాఠ్యాంశాల్లో దీనిమీద పెద్ద పరిశోధనే ఉంది. ఫ్రాంక్ ష్మిట్, జాన్ హంటర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1998లో ఎనభై అయిదేళ్ల అధ్యయనాలన్నీ కలిపి పరిశీలించి, ముచ్చటలా సాగే ఇంటర్వ్యూ కంటే అందరినీ ఒకే పద్ధతిలో ప్రశ్నించి మార్కులు వేసే ఇంటర్వ్యూ మనిషి పనితీరును బాగా అంచనా వేస్తుందని చూపించారు. 2022లో పాల్ శాకెట్ బృందం ఆ లెక్కలు మళ్లీ సరిచూసింది. పద్ధతి ప్రకారం జరిగే ఇంటర్వ్యూ మార్కులకూ, తర్వాతి పనితీరుకూ మధ్య సంబంధం 0.42గా తేలింది. పద్ధతి లేని ఇంటర్వ్యూకు అది 0.19 మాత్రమే. 1 అంటే పూర్తి సంబంధం, 0 అంటే అసలు సంబంధం లేదని అర్థం. దీన్నుంచి అభ్యర్థులు తెలుసుకోవలసింది ఏమిటంటే, ఇంటర్వ్యూ మాటకారితనం పోటీ కాదు. మీరు చేసిన పని, దాన్ని చేసిన తీరు, అర్థం చేసుకున్న విషయం బయటపడేలా ప్రశ్నలు వేయడమే మంచి ప్యానెల్ చేసే పని.

దరఖాస్తే ప్రశ్నపత్రం

ఇంటర్వ్యూకు సిలబస్ లేదంటారు. నిజానికి ఉంది, దాన్ని మీరే రాసి ఇచ్చారు. మీ దరఖాస్తు, బయోడేటా ప్యానెల్ ముందు ఉంటాయి. పేరు, ఊరు, చదువు, మధ్యలో ఖాళీగా ఉన్న సంవత్సరాలు, హాబీలు. వీటిలో ప్రతి మాటా ఒక ప్రశ్న. కాబట్టి మొదట చేయవలసిన పని, బయోడేటాను ఒక తెల్లకాగితం మీద ఎడమవైపు రాసుకుని, ప్రతి మాటకు ఎదురుగా కుడివైపు మూడు ప్రశ్నలు రాయడం. మూడోది రాయలేకపోతే ఆ విషయం మీకింకా తెలియలేదని అర్థం.

మా పశ్చిమ బెంగాల్ నుంచే ఒక ఉదాహరణ తీసుకుంటాను. ఖరగ్‌పూర్‌లో పుట్టి పెరిగిన తెలుగమ్మాయి కోల్‌కతాలో పీఓ ఇంటర్వ్యూకు వచ్చిందనుకుందాం. మొదటి ప్రశ్న తెలిసిందే: ‘మీ ఊరి గురించి చెప్పండి.’ పొడవైన ప్లాట్‌ఫాం, ఐఐటీ అని చెబుతుంది. అంతవరకు అందరూ చెబుతారు. ఇక రెండో ప్రశ్న: ‘ఇప్పటికీ అదే పొడవైనదా?’ ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫాం పొడవు 1,072 మీటర్లు. 2013లో గోరఖ్‌పూర్ 1,366 మీటర్లతో దాన్ని దాటింది. 2023లో హుబ్బళ్లి 1,507 మీటర్లతో గోరఖ్‌పూర్‌నూ దాటింది. చిన్నప్పుడు విన్న మాటను సరిచూసుకోకుండా చెప్పిన అభ్యర్థి ఇక్కడ తెల్లముఖం వేస్తుంది.

మరో రెండో ప్రశ్న: ‘బెంగాల్ ఊళ్లో ఇంతమంది తెలుగువాళ్లు ఎందుకున్నారు?’ బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే, దాని వర్క్‌షాపు, ఉత్తరాంధ్ర నుంచి పనికోసం తరలివచ్చిన కుటుంబాలు, తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని 2020 డిసెంబరులో రాష్ట్ర మంత్రివర్గం తీసుకున్న నిర్ణయం, ఇవన్నీ ఆమె ఇంటి కథే. ఇంకొంచెం ముందుకు వెళితే, అదే రైల్వే కార్మికుల సంఘానికి నాయకత్వం వహించిన వి.వి.గిరి దగ్గరకు చేరుతుంది. 1969 జూలై 19న తాత్కాలిక రాష్ట్రపతి హోదాలో పద్నాలుగు బ్యాంకుల జాతీయీకరణ ఆర్డినెన్సు జారీ చేసింది ఆయనే. ఊరి గురించి మొదలైన జవాబు బ్యాంకుల జాతీయీకరణ దగ్గర ఆగిందంటే, తర్వాతి ప్రశ్న దేనిమీద వస్తుందో ఊహించవచ్చు. అదేమీ మాయ కాదు. సొంత ఊరి గురించి రెండు సాయంత్రాలు చదువుకోవడమే.

మీది నరసన్నపేట కావచ్చు, సిద్దిపేట కావచ్చు. మీ జిల్లాలో లీడ్ బ్యాంకు ఏది, ఏ పంట పండుతుంది, ఏ చిన్న పరిశ్రమ నడుస్తుంది, వాటికి అప్పు ఎక్కడి నుంచి వస్తోంది అన్నవి తెలుసుకోండి. ఊరి గురించి అడిగే బ్యాంకరు చివరికి అక్కడికే వస్తాడు.

హాబీ సంగతీ అంతే. ‘పుస్తకాలు చదవడం’ అని రాస్తే ఆఖరున చదివిన పుస్తకం పేరు, అందులో మీకు నచ్చని విషయం చెప్పగలగాలి. వంట అని రాస్తే మాటవరసకు కాకుండా, పులిహోరలో అన్నం విడివిడిగా ఎలా ఉంచుతారో చెప్పగలగాలి. లేని హాబీ రాయడం కంటే నిజంగా ఉన్న చిన్న అలవాటు మేలు.

మూడేళ్లుగా పరీక్షలు రాస్తున్న పిల్లలకు బయోడేటాలోని ఖాళీ పెద్ద భయం. ‘డిగ్రీ అయ్యాక ఈ మూడేళ్లు ఏం చేశారు?’ అంటే తల దించుకుంటారు. దించుకోనక్కర్లేదు. ‘బ్యాంకు పరీక్షలకు చదివాను. మొదటిసారి ప్రిలిమ్స్ దాటలేదు, రెండోసారి మెయిన్స్‌లో ఆగిపోయాను. డేటా విశ్లేషణలో వెనకబడ్డానని తెలుసుకుని దానిమీద పనిచేశాను’ అని వరసగా చెప్పండి. ‘ఇంకేం చేశారు?’ అన్నది రెండో ప్రశ్న. ట్యూషన్లు చెప్పి ఉంటే, నాన్న కొట్లో లెక్కలు చూసి ఉంటే, ఇంట్లో జబ్బుపడినవారిని చూసుకుని ఉంటే అది చెప్పుకోదగ్గ పనే.

‘బ్యాంకే ఎందుకు?’

ఇంజినీరింగ్ చదివిన ప్రతివారికీ ఈ ప్రశ్న వస్తుంది. ‘ఉద్యోగ భద్రత, ప్రజాసేవ’ అన్నది చిలకపలుకు జవాబు. ‘ప్రజాసేవ మునిసిపాలిటీలోనూ చేయవచ్చుగా?’ అంటే దానికి కాళ్లుండవు. మీరు కంప్యూటర్ సైన్స్ చదివితే, మోసపూరిత లావాదేవీలను పసిగట్టడంలో ఆ చదువు ఎలా పనికొస్తుందో చెప్పండి. మెకానికల్ చదివితే, చిన్న వర్క్‌షాపు యజమాని లేత్ మెషిన్ కొనడానికి అప్పు అడిగినప్పుడు ఆ యంత్రం ధర, దాని పని మీకు అర్థమవుతాయని చెప్పండి. వ్యవసాయం చదివితే ఇక చెప్పనే అక్కర్లేదు.

మన ఇళ్ల పిల్లలకు ఇందులో ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. ‘మా నాన్నగారు బ్యాంకులో పనిచేస్తారు, చిన్నప్పటి నుంచి చూస్తున్నాను’ అని ధైర్యంగా చెబుతారు. వెంటనే ‘ఏం చూశారు?’ అని ప్రశ్న వస్తుంది. అక్కడ చాలామంది తడబడతారు. నాన్న రాత్రి తొమ్మిదింటికి ఇంటికి రావడం, మార్చి నెలాఖరులో ఫోను ఎత్తకపోవడం, మూడేళ్లకోసారి బడి మారడం చూశారు. అమ్మ కౌంటరులో ఏం చేస్తుందో చూడలేదు, అడగలేదు. శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు, బ్యాంకు ఇంటి పిల్లలే బ్యాంకు ప్రశ్న దగ్గర పడిపోవడం అంటే ఇదే.

దీనికి మందు ఇంట్లోనే ఉంది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్న సామెతను ఈ నెల రోజులు పక్కన పెట్టండి. నాన్ననో అమ్మనో కూర్చోబెట్టి ఈ మూడు అడగండి: ఇవాళ మీ దగ్గరకు వచ్చిన కష్టమైన కేసు ఏది? ఏ అప్పును ఎందుకు ఇవ్వనన్నారు? ఈ ఉద్యోగంలో మీకు నచ్చనిది ఏమిటి? ఖాతాదారుల పేర్లు, వివరాలు వాళ్లు చెప్పరు, చెప్పకూడదు కూడా. విషయం మాత్రం చెబుతారు. ఆ సంభాషణ తర్వాత మీరిచ్చే జవాబులో ప్రాణం ఉంటుంది. ‘మా అమ్మ పనిలో నేను చూసిన కష్టం ఇది, అయినా ఈ ఉద్యోగం కావాలనుకున్న కారణం ఇది’ అని చెప్పగలిగిన అభ్యర్థి తెలిసే వస్తున్నాడని ప్యానెల్‌కు అర్థమవుతుంది.

వృత్తి విషయాలు: నిర్వచనం దాటి ఒక అడుగు

బ్యాంకింగ్ ప్రశ్నలకు నిర్వచనాలు అందరికీ వస్తాయి. రెండో ప్రశ్న ఎప్పుడూ ఒక మనిషిని తెచ్చి ఆ నిర్వచనం ముందు నిలబెడుతుంది. మూడు ఉదాహరణలు చూడండి.

మొదటిది రెపో రేటు. ప్రభుత్వ సెక్యూరిటీల హామీ మీద రిజర్వు బ్యాంకు బ్యాంకులకు స్వల్పకాలానికి ఇచ్చే సొమ్ముపై వడ్డీ అది. రెండో ప్రశ్న: ‘రెపో తగ్గితే మీ ఇంటి లోన్ ఈఎంఐ ఎందుకు తగ్గాలి? మీ తాతగారి ఫిక్స్‌డ్ డిపాజిట్ ఏమవుతుంది?’ 2019 అక్టోబరు 1 నుంచి బ్యాంకులు కొత్తగా ఇచ్చే ఫ్లోటింగ్ రేటు గృహరుణాలను బయటి ప్రమాణానికి ముడిపెట్టాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. చాలా బ్యాంకులు రెపోనే ఆ ప్రమాణంగా తీసుకున్నాయి. అందువల్ల రెపో తగ్గితే లోన్ వడ్డీ కూడా తగ్గుతుంది. తాతగారు ఇప్పటికే వేసిన డిపాజిట్‌కు గడువు తీరేవరకు ఒప్పుకున్న వడ్డీయే వస్తుంది. మళ్లీ వేసేటప్పుడు మాత్రం కొత్త రేటు.

రెండోది డిపాజిట్ బీమా. 2020 ఫిబ్రవరి 4 నుంచి ఒక్కో డిపాజిటరుకు ఒక బ్యాంకులో అసలు, వడ్డీ కలిపి 5 లక్షల రూపాయల వరకు బీమా ఉంది. అంతకుముందు లక్ష రూపాయలే. రెండో ప్రశ్న: ‘ఒకే బ్యాంకు రెండు బ్రాంచీల్లో ఒకే పేరున నాలుగేసి లక్షలు ఉంటే?’ బ్రాంచీలు వేరైనా బ్యాంకు ఒకటే కాబట్టి రెండూ కలిపి లెక్కిస్తారు, బీమా 5 లక్షలే. ‘ప్రీమియం ఎవరు కడతారు?’ బ్యాంకు కడుతుంది, డిపాజిటరు కాదు.

మూడోది మొండి బాకీ. అసలుకో వడ్డీకో కట్టాల్సిన సొమ్ము 90 రోజులకు మించి బాకీ ఉంటే ఆ ఖాతా ఎన్‌పీఏ. రెండో ప్రశ్న: ‘వరి రైతు తీసుకున్న పంట రుణానికీ ఇదే లెక్కా?’ కాదు. స్వల్పకాలిక పంటలకు రెండు పంటకాలాలు, దీర్ఘకాలిక పంటలకు ఒక పంటకాలం గడువు దాటాక చూస్తారు. ‘ఎందుకు వేరు?’ రైతుకు డబ్బు నెలనెలా రాదు, పంట చేతికొచ్చినప్పుడే వస్తుంది. ఈ చివరి వాక్యం చెప్పగలిగినవారికి మిగతా రెండూ గుర్తుపెట్టుకోనక్కర్లేకుండానే గుర్తుంటాయి.

కోల్‌కతాలో ఇంటర్వ్యూ పడినవారు ఊరితో ముడిపడిన బ్యాంకు చరిత్ర కూడా కాస్త చూసుకోవడం మంచిది. 1806లో ఇక్కడ మొదలైన బ్యాంక్ ఆఫ్ కలకత్తా 1809లో బ్యాంక్ ఆఫ్ బెంగాల్ అయింది. 1921లో ఇంపీరియల్ బ్యాంకులో కలిసి, 1955 జూలై 1న స్టేట్ బ్యాంకుగా మారింది. ఇక్కడే ప్రధాన కార్యాలయం ఉన్న యునైటెడ్ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న పంజాబ్ నేషనల్ బ్యాంకులో విలీనమైంది. పట్టాభి సీతారామయ్య గారు 1923లో మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసిందీ అదే రోజు. ‘విలీనం వల్ల ఖాతాదారుకు ఏం ఒరిగింది?’ అన్నది ఇక్కడి రెండో ప్రశ్న. లాభమూ ఇబ్బందీ రెండూ చెప్పడానికి సిద్ధంగా ఉండండి.

గుణం చెప్పకండి, జరిగింది చెప్పండి

‘నాకు నాయకత్వ లక్షణాలున్నాయి’ అని చెప్పుకుంటే నమ్మడానికి ఆధారం ఉండదు. మేనేజ్‌మెంట్ తరగతుల్లో దీనికి నాలుగు మెట్లు నేర్పుతారు: పరిస్థితి ఏమిటి, అందులో మీ బాధ్యత ఏమిటి, మీరు చేసింది ఏమిటి, ఫలితం ఏమిటి.

కాలేజీ ఉత్సవానికి కోశాధికారిగా ఉన్న కుర్రాడు ఇలా చెప్పాడనుకుందాం: ‘ప్రవేశ రుసుము యూపీఐలో తీసుకున్నాం. సాయంత్రానికి నలభై చెల్లింపులకు పేర్లు కలవలేదు. లెక్క నా బాధ్యత. చెల్లింపు సమయాలను, ఫారాలు ఇచ్చిన సమయాలను పక్కపక్కన పెట్టి చూశాను. ముప్పై ఎనిమిది కలిశాయి.’ ప్యానెల్ ఊరుకోదు. ‘మిగతా రెండు?’ అంటుంది. ‘కలవలేదండీ. ఆ రెండింటినీ విడిగా రాసి కమిటీకి చూపించాను. మరుసటి ఏడాది నుంచి ఫారం నంబరు రాయకుండా డబ్బు తీసుకోకూడదని చెప్పాను.’ ఇందులో గొప్ప సాహసం ఏమీ లేదు. కానీ రోజు చివర క్యాషు కలవకపోతే ఈ అబ్బాయి ఏం చేస్తాడో ప్యానెల్‌కు తెలిసిపోయింది. కలవని రెండింటినీ దాచకుండా చెప్పడమే ఆ జవాబులో విలువైన భాగం.

ఇలాంటివి మీ జీవితంలోంచి అయిదు ఏరుకోండి. బృందంతో పని, తగాదా, వైఫల్యం, డబ్బు బాధ్యత, కొత్తగా నేర్చుకున్నది. ఒక్కొక్కటి ఒక నిమిషంలో చెప్పగలగాలి.

‘కోల్‌కతా వెళతారా?’

‘దేశంలో ఎక్కడ వేసినా వెళతాను’ అన్నది ఆఫీసరు ఇంటర్వ్యూల్లో అందరూ చెప్పే మాట. ‘ఇంట్లో అడిగారా?’ అనేది రెండో ప్రశ్న. మూడోది ఇంకా సూటిగా ఉంటుంది: ‘మీకు బెంగాలీ రాదు. క్యానింగ్‌లో చేపల వ్యాపారి పాస్‌బుక్ పట్టుకుని కౌంటరు ముందు నిలబడ్డాడు. మొదటి రోజు ఏం చేస్తారు?’

తెలుగు రాష్ట్రాల నుంచి కోల్‌కతాకు వచ్చే కొత్త ఆఫీసర్లు పడే ఇబ్బంది నేను దగ్గరగా చూస్తుంటాను. మొదటి మూడు నెలలు తిండి దగ్గరా, భాష దగ్గరా అవస్థ పడతారు. ఆ తర్వాత ‘కతో టాకా?’ అని మొత్తం అడగడం, ‘ఎఖానే షోయి కొరున్’ అని సంతకం పెట్టమనడం నోటికి వస్తాయి. తప్పులతో మాట్లాడినా ఖాతాదారులు నవ్వుతూ దిద్దుతారు. కాబట్టి ఆ ప్రశ్నకు సరైన జవాబు ‘నేర్చుకుంటాను’ అన్న ఒక్క మాటతో అయిపోదు. ‘మొదటి రోజు పక్క సహోద్యోగి సాయం అడుగుతాను. కౌంటరుకు కావలసిన ఇరవై ముప్పై మాటలు ముందే రాసుకుంటాను. అప్పు షరతులు అర్థమయ్యాయని నిర్ధారించుకోకుండా ఖాతాదారు చేత సంతకం పెట్టించను’ అంటే అది పనిచేసేవాడి జవాబు.

ఇంట్లో అడగడం నిజంగా జరగాలి. అమ్మానాన్నలకు ఆరోగ్యం బాగోలేదు, దూరం వెళ్లడం కుదరదు అన్న విషయం ఉంటే ఇంటర్వ్యూకు ముందే ఇంట్లో తేల్చుకోండి. అమ్మాయిలకు ‘పెళ్లయ్యాక బదిలీ అయితే?’ అన్న మాట ఎదురుకావచ్చు. నొచ్చుకోకుండా, వివరణల్లోకి పోకుండా, ‘బదిలీ ఈ ఉద్యోగంలో భాగమని తెలిసే దరఖాస్తు చేశాను’ అని చెప్పి ఆగితే సరిపోతుంది.

మాట, నడత, బట్టలు

సంభాషణలో మాటల వాటా ఏడు శాతమే, మిగిలిన 93 శాతం గొంతు, హావభావాలదే అని వ్యక్తిత్వ వికాస తరగతుల్లో చెబుతుంటారు. ఆల్బర్ట్ మెహ్రాబియన్ అనే ఆచార్యుడు 1967లో చేసిన ప్రయోగాల నుంచి పుట్టిన అంకెలు అవి. ఆ ప్రయోగాలు ఇష్టాయిష్టాల వంటి భావాల గురించి, అదీ మాట ఒకటి, గొంతో ముఖమో మరొకటి చెబుతున్నప్పటి గురించి. ఎన్‌పీఏ గురించి అడిగితే చిరునవ్వుకు 55 మార్కులు వేస్తారని వాటి అర్థం కాదు. అలాగని నడతను నిర్లక్ష్యం చేయమనీ కాదు. ఉతికి ఇస్త్రీ చేసిన, మీకు అలవాటైన బట్టలు వేసుకోండి. అద్దె కోటులో ఉక్కిరిబిక్కిరి అవుతూ కూర్చోనక్కర్లేదు. అమ్మాయిలు చీర అలవాటు లేకపోతే చుడీదార్ వేసుకోవచ్చు. అడిగినవారి వైపు చూసి జవాబు మొదలుపెట్టండి, మిగతావారినీ చూస్తూ ముగించండి.

ఇంగ్లిష్ గురించి తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లల బెంగ ఎక్కువ. విషయాన్ని మొదట తెలుగులో అమ్మమ్మకు అర్థమయ్యేలా చెప్పి చూడండి. అక్కడ తడబడితే లోపం ఇంగ్లిష్‌ది కాదు, విషయం ఇంకా స్పష్టం కాలేదు. తెలుగులో కుదిరాక చిన్న చిన్న ఇంగ్లిష్ వాక్యాల్లో చెప్పండి. ఒక వాక్యంలో ఒక విషయం చాలు. గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పే జవాబు కంటే ఆగి ఆలోచించి చెప్పేది వినసొంపుగా ఉంటుంది.

తెలియని ప్రశ్న తప్పకుండా వస్తుంది. ‘సారీ సర్, నాకు తెలియదు’ అని మామూలు గొంతుతో చెప్పండి. ఊహించి చెబుతుంటే ఊహ అని చెప్పి మొదలుపెట్టండి. తెలియని వడ్డీ రేటును తెలిసినట్టు ఖాతాదారుకు చెప్పే ఆఫీసరు బ్యాంకుకు ఎంత ప్రమాదమో ప్యానెల్‌లోని వాళ్లకు బాగా తెలుసు.

కాగితాలూ, సిఫార్సులూ

కాల్‌లెటర్, పుట్టినతేదీ ధ్రువీకరణ, ఫొటో గుర్తింపు కార్డు, అన్ని మార్కుల జాబితాలు, డిగ్రీ, కుల ధ్రువపత్రం, ఇప్పటికే ప్రభుత్వ లేదా ప్రభుత్వరంగ ఉద్యోగంలో ఉంటే నిరభ్యంతర పత్రం. అసలు ప్రతులు ఒక ఫోల్డరులో, జిరాక్సులు మరో ఫోల్డరులో, కాల్‌లెటర్‌లో చెప్పిన వరసలో పెట్టండి. అన్ని పత్రాల్లో పేరు ఒకేలా ఉందో లేదో చూడండి. ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరంగా, మరోచోట పూర్తిగా ఉండటం మన తెలుగువాళ్లకు మామూలే.

ఓబీసీ పిల్లలు ముఖ్యంగా గమనించాలి. కేంద్ర ప్రభుత్వ నమూనాలో, నోటిఫికేషన్ చెప్పిన తేదీల పరిధిలో ఉన్న నాన్ క్రీమీలేయర్ పత్రం కావాలి. ప్రభుత్వరంగ బ్యాంకుల్లో స్కేల్-1, ఆపై అధికారులను క్రీమీలేయర్ విషయంలో గ్రూప్-ఎ అధికారులతో సమానంగా చూడాలని 2017లో కేంద్రం నిర్ణయించింది. కాబట్టి ఆఫీసర్ల పిల్లలు తమకు ఆ పత్రం వర్తిస్తుందో లేదో దరఖాస్తుకు ముందే కనుక్కోవాలి. ఇంటర్వ్యూ గది బయట తేలితే అప్పటివరకు పడ్డ శ్రమంతా వృథా అవుతుంది.

ఇక చెప్పడానికి కొంచెం ఇబ్బందిగా ఉన్నా చెప్పక తప్పని మాట. ‘ప్యానెల్‌లో ఎవరుంటారో కనుక్కోలేవా? నీకు తెలిసినవాళ్లు ఉంటారుగా’ అని బంధువులు మనల్ని అడుగుతారు. ఆ ఫోను చేయకండి. సిఫార్సు ప్రయత్నం చేస్తే అభ్యర్థిత్వం రద్దవుతుందని నోటిఫికేషన్లలోనే రాసి ఉంటుంది. నిబంధన ఒక్కటే కారణం కాదు. పిల్లవాడు సొంతంగా తెచ్చుకున్న ఉద్యోగం మీద ఆ తర్వాత ముప్పై అయిదేళ్లు ఎవరో ఒకరు అనుమానపు మాట అంటూనే ఉంటారు. మన హోదా పిల్లల నోట ఇంటర్వ్యూ గదిలో, అడగకుండా రాకపోవడమే మంచిది.

ఇంట్లోవాళ్ల పని

రెండు వారాలు ఉంటే ఇలా పంచుకోవచ్చు. మొదటి మూడు రోజులు బయోడేటా కాగితం. తర్వాత నాలుగు రోజులు ఊరు, చదివిన సబ్జెక్టు. ఆ తర్వాత నాలుగు రోజులు బ్యాంకింగ్ విషయాలు, రోజూ పత్రికలో ఆర్థిక పేజీ. చివరి మూడు రోజులు మాక్ ఇంటర్వ్యూలు. కోచింగ్ సెంటర్లో ఒకటి రెండు ఇవ్వడం మంచిదే. మిగతావి ఇంట్లోనే జరగవచ్చు. నాన్న బ్యాంకు ప్రశ్నలు, అమ్మ ఊరి ప్రశ్నలు, తమ్ముడు హాబీ ప్రశ్నలు. నియమం ఒక్కటే: ప్రతి జవాబు మీదా ఇంకో ప్రశ్న వేయాలి. ‘అదెలా?’, ‘ఎందుకు?’, ‘మరి కాకపోతే?’ అంటే చాలు. ఇంటర్వ్యూలు తెలియని అమ్మమ్మ కూడా ఈ పని చేయగలదు. నిజానికి ఆమే అందరికంటే బాగా చేస్తుంది, అర్థం కానిదాన్ని అర్థమైనట్టు ఆమె ఒప్పుకోదు కనుక.

మొబైల్‌లో రికార్డు చేసి ఒక్కసారి వినిపించండి. దిద్దవలసినవి రోజుకు రెండే చెప్పండి. పెదనాన్న గారబ్బాయితో పోలికలు వద్దు. ముందురోజు రాత్రి కొత్త పాఠాలు వద్దు. గది నుంచి బయటికి రాగానే ‘ఏమేం అడిగారు, ఎన్ని చెప్పావు’ అని లెక్కలు తీయడం అసలే వద్దు. ముందు అన్నం పెట్టండి.

ఒకవేళ జాబితాలో పేరు లేకపోతే, ఈ తయారీలో నేర్చుకున్నదేదీ పోదు. సొంత ఊరి చరిత్ర, అమ్మానాన్నల ఉద్యోగంలోని కష్టం, చేసిన పనిని ఉన్నది ఉన్నట్టు చెప్పే అలవాటు తర్వాతి ఇంటర్వ్యూకు అలాగే పనికొస్తాయి. జాబితాలో పేరుంటే ఇవే రేపు కౌంటరులో పనికొస్తాయి. అక్కడ ఖాతాదారులు కూడా రెండో ప్రశ్నే అడుగుతారు.

ఈ ఏడాది ఇంటర్వ్యూలకు వెళుతున్న మన బ్యాంకు కుటుంబాల పిల్లలందరికీ శుభాకాంక్షలు.